నీలం రంగు ఎందుకు ఆలస్యంగా వచ్చింది? యల్లాప్రగడ సుబ్బారావు గారూ, రియాక్షన్‌ని జరుగుతుండగా చూసే కథ

ఎప్పట్లాగే ముందు ఒక చిన్న మాట. మాది చేజర్ల అని చెప్పగానే కామెంట్లలో చాలామంది "కపోతేశ్వరాలయం ఉన్న ఊరేనా అన్నా?" అని అడుగుతున్నారు. కాదండీ. అది పల్నాడు చేజర్ల. మాది నెల్లూరు జిల్లా చేజర్ల, ఆత్మకూరు పక్కన. మాకు అంత పాత గుడి లేదు గానీ, సంక్రాంతికి మా అవ్వ వండే అరిసెలు ఉన్నాయి. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ అరిసెల దగ్గరే మొదలవుతుంది. ముగిసేది మాత్రం హార్వర్డ్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో, మన విశాఖపట్నంలో.

అరిసెలకి బెల్లం పాకం పట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. పొయ్యి మీద పాకం ఉడుకుతూ ఉంటుంది. పక్కన పళ్లెంలో చన్నీళ్లు. మా అవ్వ గరిటెతో ఒక చుక్క తీసి నీళ్లలో వేస్తుంది, వేళ్లతో దగ్గరికి తీస్తుంది. కరిగిపోతే ఇంకా రాలేదు. మెత్తగా ఉండ కడితే వచ్చేసినట్టు. గట్టిగా రాయిలా అయితే అయిపోయింది, ముదిరిపోయింది, ఇక ఆ అరిసెలు కొరకాలంటే పళ్లు గట్టిగా ఉండాల.

ఇక్కడ ఒక చిక్కుంది, గమనించారా? పళ్లెంలో చుక్కని చూస్తున్నంతసేపూ పొయ్యి మీద పాకం ఆగదు. చుక్క చెప్పేది అర నిమిషం కిందటి సంగతి. అందుకే మా అవ్వ ఆ చుక్కని పూర్తిగా నమ్మదు. పాకం మీద బుడగలు చిన్నవా పెద్దవా, శబ్దం మారిందా, గరిటె తిప్పితే ఎంత బరువుగా ఉంది, ఇవన్నీ చూస్తూనే ఉంటుంది. నేను ఫోన్ చూసుకుంటూ "ఏమైంది అవ్వా, వచ్చిందా?" అంటే, "వచ్చినాక చూసేదేముంది అబ్బయా, వచ్చేటప్పుడు చూడాల" అంటుంది.

కెమిస్ట్రీ అనే సైన్సులో నూట డెబ్బై ఏళ్లకి పైగా జరుగుతున్న ఒక పెద్ద ప్రయత్నం ఇదే. రియాక్షన్ అయిపోయాక ఏం వచ్చిందో చూడటం ఒక పని. అది జరుగుతుండగా లోపల ఏం జరుగుతోందో చూడటం ఇంకో పని. రెండో పని చేసే పరికరాల చరిత్రే ఇవాళ్టి మన విషయం. ఆ చరిత్ర మధ్యలో భీమవరంలో పుట్టిన మన తెలుగాయన ఒకరు నిలబడి ఉన్నారు.

మనందరం చేసిన ప్రయోగమే

ఇంటర్‌లో ఎంపీసీ గానీ బైపీసీ గానీ చదివినవాళ్లు ఒకసారి ల్యాబ్‌ని గుర్తు తెచ్చుకోండి. బ్యూరెట్‌లో పొటాషియం పర్మాంగనేట్, ముదురు వంగపండు రంగు. కింద ఫ్లాస్కులో ఆక్సాలిక్ ఆసిడ్, అందులో కొంచెం సల్ఫ్యూరిక్ ఆసిడ్. ఫ్లాస్కుని వేడి చేయమంటారు. మొదటి చుక్కలు పడినప్పుడు రంగు వెంటనే పోదు, కాసేపు అలాగే ఉంటుంది. తర్వాత చుక్కలు పడగానే మాయమైపోతుంటాయి. చివరికి లేత గులాబీ రంగు నిలబడితే రీడింగ్ రాసుకుంటాం.

మొదటి చుక్కలకి ఎందుకు ఆలస్యం, తర్వాత ఎందుకు తొందర? మా బ్యాచ్‌లో ఎవరం అడగలేదు. అసలు నిజం చెప్పాలంటే నేను రీడింగ్ కూడా పక్క బెంచీవాడి రికార్డులోంచి దించేశాను. కానీ సమాధానం చాలా బాగుంటుందండీ. ఆ రియాక్షన్‌లో పుట్టే మాంగనీస్ అయాన్లే ఆ రియాక్షన్‌ని తొందర చేస్తాయి. అంటే రియాక్షన్ తనకి కావాల్సిన కెటలిస్ట్‌ని తనే తయారు చేసుకుంటోంది. మొదట్లో అది లేదు, అందుకే మెల్లగా నడిచింది. కొంచెం తయారవగానే పరుగు అందుకుంది. మన కళ్ల ముందే జరిగింది, మనం మాత్రం చివరి గులాబీ రంగు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాం.

ఇదే రియాక్షన్‌ని 1860లలో ఆక్స్‌ఫర్డ్‌లో వెర్నన్ హార్కోర్ట్ అనే కెమిస్టు, విలియం ఎస్సన్ అనే లెక్కల ఆయన కలిసి సంవత్సరాల పాటు కొలిచారు. వాళ్ల పద్ధతి మా అవ్వ పళ్లెం పద్ధతే. కొంతసేపు రియాక్షన్ జరగనిచ్చి, ఒక రసాయనం పోసి అక్కడికక్కడే ఆపేసి, ఎంత మిగిలిందో కొలవడం. మళ్లీ ఇంకో ఫ్లాస్కు, ఇంకొంచెం ఎక్కువసేపు, మళ్లీ ఆపడం. ఒక్కో చుక్కకి ఒక్కో ప్రయోగం అన్నమాట. ఓపిక ఉండాల!

చంపకుండా చూసిన మొదటి మనిషి

వాళ్ల కంటే ముందే, 1850లో జర్మనీలో లుడ్విగ్ విల్హెల్మీ అనే ఆయన ఇంకా తెలివైన పని చేశాడు. ఆయన తీసుకున్న పదార్థం మనకి బాగా తెలిసిందే, చెరకు చక్కెర.

చక్కెర నీళ్లలోంచి పోలరైజ్డ్ లైట్ పంపితే ఆ కాంతి తలం కొంచెం కుడివైపుకి తిరుగుతుంది. అందులో ఆసిడ్ కలిపితే చక్కెర మెల్లగా విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. ఈ మిశ్రమం కాంతిని ఎడమవైపుకి తిప్పుతుంది. అంటే రియాక్షన్ నడుస్తున్నకొద్దీ కాంతి తిరిగే కోణం కుడి నుంచి ఎడమకి జరుగుతూ పోతుంది. విల్హెల్మీ చక్కెర ద్రావణాన్ని పోలారిమీటర్ గొట్టంలో పోసి, గడియారం పెట్టుకుని, కోణాన్ని చూస్తూ రాసుకున్నాడు. చుక్క తీయలేదు, ఆపలేదు, ముట్టుకోలేదు.

ఆయనకి దొరికిన సూత్రం ఇది: ఏ క్షణంలోనైనా చక్కెర విడిపోయే వేగం, ఆ క్షణంలో ఎంత చక్కెర మిగిలి ఉందో దాన్నిబట్టి ఉంటుంది. ఇవాళ ప్రతి డిగ్రీ విద్యార్థీ ఫస్ట్ ఆర్డర్ అని రాసేది ఇదే. పాపం, ఆయన పేపర్‌ని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1864లో చనిపోయాడు. ఆ తర్వాత 1880లలో విల్హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ ఆ పేపర్‌ని మళ్లీ బయటికి తీసి, "ఇదిగో, రియాక్షన్ వేగాల శాస్త్రం ఇక్కడ మొదలైంది" అని లోకానికి చూపించాడు.

సరే, ఇదంతా యూరప్. ఇప్పుడు మనవాడి దగ్గరికి వద్దాం.

భీమవరం నుంచి బోస్టన్‌కి

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివారు, మద్రాసులో మెడిసిన్ చేశారు. ఖద్దరు కట్టుకుని కాలేజీకి వెళ్లేవారు. అది తెల్ల ప్రొఫెసర్‌కి నచ్చక, ఎంబీబీఎస్ రావాల్సిన మనిషి చేతిలో అంతకంటే తక్కువ ఎల్ఎంఎస్ పెట్టారు. తర్వాత అమెరికా వెళ్లి, బోస్టన్‌లో పూట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ చదువుకున్నారు.

తర్వాత హార్వర్డ్ మెడికల్ స్కూల్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర చేరారు. ఆ విభాగానికి పెద్ద ఆటో ఫోలిన్. రక్తంలో, మూత్రంలో ఏది ఎంత ఉందో రంగుని బట్టి కొలిచే పద్ధతులకి పేరు మోసిన మనిషి. అంటే సుబ్బారావు గారు వెళ్లి పడింది రంగులు కొలిచేవాళ్ల ఇంట్లో.

వాళ్లు వాడిన పరికరం పేరు డ్యూబాస్క్ కలరిమీటర్. కరెంటు సెన్సార్లు ఏమీ లేవు. రెండు గాజు గిన్నెలు, ఒకదాంట్లో ఎంత ఉందో మనకి తెలిసిన ద్రావణం, ఇంకోదాంట్లో తెలియనిది. పైన కంటితో చూసే గొట్టం. లోపల ఒక గుండ్రటి వెలుగు, సగం ఈ గిన్నెది, సగం ఆ గిన్నెది. రెండు సగాలూ ఒకే రంగులో కనిపించే దాకా లోతుని అటూ ఇటూ సర్దాలి. సర్దాక స్కేలు చదివితే లెక్క తేలుతుంది. సెన్సార్ అంటే మనిషి కన్నే.

1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే కొత్త పద్ధతి ప్రచురించారు. శాంపిల్‌లో ఆసిడ్, మాలిబ్డేట్ కలపాలి. ఫాస్ఫేట్ ఉంటే అది మాలిబ్డేట్‌తో జత కడుతుంది. దానికి ఇంకో రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదురైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఈ పద్ధతి ఎంత బాగా పనిచేసిందంటే, తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతా బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతోనే నడిచింది.

ఆలస్యంగా వచ్చిన నీలం

ఇప్పుడు అసలు కథ. కాస్త జాగ్రత్తగా వినండి.

ఈ పద్ధతితో మామూలు ఫాస్ఫేట్‌ని కొలిస్తే నీలం గబగబా వచ్చి నిలబడిపోతుంది. కండరం నుంచి తీసిన రసాన్ని కొలిచినప్పుడు మాత్రం అలా జరగలేదు. రంగు మెల్లగా వచ్చింది. కాసేపటికి ఇంకొంచెం, ఇంకాసేపటికి ఇంకొంచెం, ముదురుతూనే ఉంది.

మీరే అక్కడ ఉంటే ఏం చేసేవాళ్లు? నేనైతే కాఫీ తాగొచ్చి, రంగు నిలబడ్డాక చివరి రీడింగ్ రాసుకునేవాణ్ని. లెక్క సరిపోయేది కూడా. "కండరంలో ఇంత ఫాస్ఫేట్ ఉంది" అని రాసేస్తే ఎవరూ తప్పు పట్టరు. అప్పటిదాకా లోకం రాసుకుంటున్నదీ అదే.

ఫిస్క్, సుబ్బారావు ఆ ఆలస్యాన్ని వదల్లేదు. శాంపిల్‌లో ఉన్నది మొత్తం మామూలు ఫాస్ఫేటే అయితే రంగు వెంటనే రావాలి కదా! రాలేదంటే దానర్థం, అక్కడ ఫాస్ఫేట్ ఇంకా ఫాస్ఫేట్‌గా లేదు. దేనికో అతుక్కుని ఉంది. మనం పోసిన ఆసిడ్, మాలిబ్డేటే దాన్ని మెల్లగా విడగొడుతున్నాయి. విడిపోయినకొద్దీ నీలం వస్తోంది. అంటే వాళ్ల గిన్నెలో ఒక్క రియాక్షన్ కాదు, రెండు నడుస్తున్నాయి. మొదటిది ఒక తెలియని పదార్థం విరిగిపోవడం, రెండోది రంగు రావడం. మొదటిది మెల్లగా నడుస్తోంది కాబట్టే రెండోది ఆలస్యం. కొలిచే మందే, కొలవాల్సిన వస్తువుని విరగ్గొడుతోంది!

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ బాధ తెలుసు. బగ్ పట్టుకుందామని కోడ్‌లో ప్రింట్ స్టేట్‌మెంట్ పెడతాం. ఆ ప్రింట్ వల్ల టైమింగ్ మారి బగ్ మాయమైపోతుంది. తీసేస్తే మళ్లీ వస్తుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి దానితో నాకు మూడు రాత్రులు పోయాయి. ఎలా చూస్తున్నామన్నదే మనకి ఏం కనిపిస్తుందో తేలుస్తుంది. ఆ సంగతి నాకు లాగ్స్ దగ్గర తెలిస్తే, వాళ్లకి నీలం రంగు దగ్గర తెలిసింది.

వాళ్లు ఆ పదార్థాన్ని వెతికి పట్టుకున్నారు. క్రియాటిన్ అనే అణువుకి ఫాస్ఫేట్ అతుక్కుని ఉంది. పేరు ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. కండరాన్ని పనిచేయిస్తే అది తగ్గిపోతోంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ తయారవుతోంది. అదే ఏడాది లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా ఇలాంటి అస్థిరమైన ఫాస్ఫేట్ పదార్థాన్నే గుర్తించి, దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. కాబట్టి ఘనత మొత్తం మనకే అని నేను చెప్పను. కానీ అది క్రియాటిన్‌తో జతకట్టిన ఫాస్ఫేట్ అని తేల్చింది హార్వర్డ్ బృందం.

ఇది ఎందుకంత పెద్ద సంగతి? అప్పటికి కండరం ఎలా పనిచేస్తుంది అంటే అందరూ లాక్టిక్ ఆసిడ్ అనేవాళ్లు. కండరాల మీద పనికి ఏ.వి. హిల్, ఆటో మేయర్‌హాఫ్‌లకి 1922 నోబెల్ కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ వచ్చాక ఆ సిద్ధాంతం కదిలింది. 1930లో డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్ ఒక విషం పెట్టి లాక్టిక్ ఆసిడ్ అసలు తయారవకుండా ఆపి చూపించాడు. కండరం అయినా ముడుచుకుంది, ఫాస్ఫోక్రియాటిన్ మాత్రం ఖర్చయిపోయింది. మధ్యలో 1929లో జర్మనీలో లోహ్‌మన్, హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావు ఇంకో అణువుని బయటికి తెచ్చారు. అదే ఏటీపీ. ఇవాళ పదో తరగతి పిల్లలు కూడా "శక్తి నాణెం" అని చదివేది.

సుబ్బారావు గారికి 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్ మాత్రం ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. ఫోలిక్ ఆసిడ్, బోదకాలుకి వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్, అవన్నీ అక్కడ ఆయన నడిపించిన బృందాల పని. దాని మీద ఇంకో ఎపిసోడే చేయాలి. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే పోయారు.

కండరాన్ని కోయకుండా

సుబ్బారావు గారి పద్ధతిలో ఒక పరిమితి ఉంది. రంగు వచ్చేటప్పుడు చూశారు నిజమే, కానీ కండరాన్ని కోసి, రసం తీసి, ఆసిడ్ పోసి చూశారు. అసలు రియాక్షన్ జరిగే చోటు బతికున్న కండరం. అక్కడికి వెళ్లలేకపోయారు.

ఈలోగా కెమిస్టులు వేగాన్ని పట్టుకునే పనిలో పడ్డారు. 1923లో కేంబ్రిడ్జ్‌లో హార్ట్‌రిడ్జ్, రఫ్టన్ ఒక చిట్కా కనిపెట్టారు. హీమోగ్లోబిన్‌నీ ఇంకో ద్రావణాన్నీ ఒక గొట్టం మొదట్లో వేగంగా కలిపి ప్రవహింపజేశారు. గొట్టంలో ఎంత దూరంలో చూస్తే అంత సమయం గడిచినట్టు. కాలాన్ని దూరంగా మార్చేశారన్నమాట! సెకనులో వెయ్యో వంతు దాకా చూడగలిగారు. తర్వాత ఐగెన్, నోరిష్, పోర్టర్ ఇంకా వేగంగా వెళ్లి 1967లో నోబెల్ తీసుకున్నారు. అహ్మద్ జెవైల్ ఫెమ్టో సెకండ్ల దాకా వెళ్లి 1999లో తీసుకున్నాడు.

కానీ నాకు బాగా నచ్చిన ఘట్టం 1974ది. ఆక్స్‌ఫర్డ్‌లో జార్జ్ రాడా, డేవిడ్ హౌల్ట్ తదితరులు అప్పుడే తీసిన ఎలుక కాలి కండరాన్ని కోయకుండా, నూరకుండా, అలాగే ఎన్ఎంఆర్ పరికరంలో పెట్టారు. ఎన్ఎంఆర్ అంటే, బలమైన అయస్కాంతంలో పరమాణు కేంద్రకాలు రేడియో తరంగాలకి ఎలా స్పందిస్తాయో వినడం. వాళ్లు విన్నది ఫాస్ఫరస్ కేంద్రకాల్ని. స్పెక్ట్రంలో విడివిడిగా శిఖరాలు కనిపించాయి. ఇది ఫాస్ఫోక్రియాటిన్, ఇవి ఏటీపీవి, ఇది మామూలు ఫాస్ఫేట్. సమయం గడుస్తున్నకొద్దీ ఏది తగ్గుతోందో ఏది పెరుగుతోందో కూడా కనిపించింది.

ఒక్కసారి ఆలోచించండి. 47 ఏళ్ల ముందు ఇద్దరు మనుషులు గిన్నెలో నీలం రంగు ఆలస్యాన్ని బట్టి "ఇక్కడ ఇంకోటి ఏదో ఉంది" అని ఊహించారు. ఇప్పుడు అదే అణువు, ముక్క కాని కండరంలో, ఎవరూ ముట్టుకోకుండా కనిపిస్తోంది. ఇవాళ మనిషి కాలిని స్కానర్‌లో పెట్టి పిక్క కండరంతో వ్యాయామం చేయించి, ఫాస్ఫోక్రియాటిన్ దిగడం, ఆపగానే మళ్లీ ఎక్కడం చూస్తున్నారు. 

ఇవాళ్టి ల్యాబ్‌లో

మరి మామూలు కెమిస్ట్రీ ల్యాబులో? మన యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేసే పిల్లల్ని అడగండి, చెప్తారు. రియాక్షన్ పెడతారు. గంటకో, అరగంటకో సన్నటి గాజు గొట్టంతో ఒక చుక్క తీసి టీఎల్‌సీ ప్లేటు మీద పెడతారు. ముడిపదార్థం చుక్క మాయమైతే రియాక్షన్ అయిపోయినట్టు. అదే పళ్లెంలో పాకం. చవక, తేలిక, చాలాసార్లు అది చాలు కూడా. దాన్ని తక్కువ చేయట్లేదు.

అయితే కొన్ని రియాక్షన్లు మైనస్ 78 డిగ్రీల దగ్గర, గాలి తగలకుండా నడుస్తాయి. చుక్క బయటికి తీయగానే వేడెక్కుతుంది, గాలి తగులుతుంది, మారిపోతుంది. ప్లేటు మీద కనిపించేది ఫ్లాస్కులో ఉన్నది కాదు. మధ్యలో పుట్టి కాసేపట్లో చచ్చిపోయే అణువులైతే అసలు దొరకవు.

అందుకోసం వచ్చిందే ఫ్లాస్కులోకి నేరుగా దించే ప్రోబ్. పెన్ను లాంటి గొట్టం, చివర చిన్న వజ్రం లాంటి స్ఫటికం. లోపలి నుంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి వచ్చి ఆ స్ఫటికం అంచుకి తగిలి వెనక్కి తిరుగుతుంది. తిరిగేటప్పుడు అంచు దాటి ఒకటి రెండు మైక్రాన్ల దూరం మాత్రం ద్రావణాన్ని తడిమి వస్తుంది. ఒక్కో రసాయన బంధం ఒక్కో పౌనఃపున్యాన్ని మింగుతుంది కాబట్టి, నిమిషానికి కొన్నిసార్లు చొప్పున లోపలున్న అణువుల హాజరు పట్టీ మన స్క్రీన్ మీద పడుతూ ఉంటుంది. ఈ సూత్రం 1960 ప్రాంతంలో వచ్చింది, ప్రోబులు తర్వాతి దశాబ్దాల్లో ల్యాబులకి చేరాయి.

నీళ్లలో జరిగే రియాక్షన్లకి ఇన్‌ఫ్రారెడ్‌తో ఇబ్బంది, నీళ్లే ఎక్కువ మింగేస్తాయి. అక్కడ రామన్ ప్రోబ్ పనికొస్తుంది. అవునండీ, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ కనిపెట్టిన ఎఫెక్టే. ఇందులోనూ మన పాత్ర ఉంది. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం గారు ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, వాల్తేరులో ఈ పరిశోధన నడిపి, 1940లో రామన్ ఎఫెక్ట్ మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. అప్పట్లో గంటల తరబడి ఫోటో ప్లేటు మీద వెలుగు పడేలా పెట్టి తీసుకున్న స్పెక్ట్రం, ఇప్పుడు లేజర్ వల్ల సెకన్లలో వస్తుంది.

ఇంత డేటా వస్తే చేసేదేంటి? దీనికి మంచి జవాబు డోనా బ్లాక్‌మండ్ అనే కెమిస్టు ఇచ్చారు. ఆవిడ 2005లో రాసిన పద్ధతి ఇలా ఉంటుంది. ఒక రియాక్షన్‌ని మొదటి నుంచి నడిపి, క్షణక్షణం వేగం చూడండి. రెండోసారి, సగం అయిపోయినప్పుడు ముడిపదార్థాలు ఎంత మిగులుతాయో సరిగ్గా అంతే తీసుకుని, తాజా కెటలిస్ట్‌తో మొదలెట్టండి. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే అంతా బాగున్నట్టు. కూర్చోకపోతే మొదటి ఫ్లాస్కులో కెటలిస్ట్ మధ్యలోనే చచ్చిపోతోంది, లేదా పుట్టిన సరుకే దానికి అడ్డుపడుతోంది. చివర్లో వచ్చిన దిగుబడి ఒక్కటే చూస్తే ఈ సంగతి ఏనాటికీ తెలియదు. రెండు ప్రయోగాలు చెప్పే మాట ఇది! హార్కోర్ట్ గారు వింటే ఏడ్చేవారేమో.

ఇది ల్యాబ్‌తో ఆగే సంగతి కాదు

ఇక్కడ కొంతమంది "బ్రో, ఇదంతా పీహెచ్‌డీ వాళ్ల గొడవ, మాకెందుకు" అనొచ్చు. ఎందుకో చెప్తాను.

హైదరాబాదులో 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన ప్రయోగశాల 1956లో సీఎస్‌ఐఆర్ కిందికి వచ్చింది, 1989 నుంచి ఐఐసీటీ అనే పేరుతో ఉంది. దాని చుట్టూ, యూనివర్సిటీల చుట్టూ పెరిగిన కెమిస్టులే జీడిమెట్ల, పాశమైలారం, అచ్యుతాపురం, మన నాయుడుపేట ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నారు. ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి వెళ్లినవాళ్లు నాకే చాలామంది తెలుసు. ల్యాబులో ఏ అలవాటు నేర్చుకుంటే ఫ్యాక్టరీకి అదే తీసుకెళ్తారు. మందుల తయారీలో చివర్లో పరీక్షించడమే కాదు, జరుగుతుండగా కొలవండి అని అమెరికా ఎఫ్‌డీఏ 2004లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

కొలవకపోతే ఏమవుతుందో మనకి తెలుసు. 2020 మే 7, తెల్లవారుజాము. విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం. ఎల్‌జీ పాలిమర్స్‌లో లాక్‌డౌన్ వల్ల నిలవ ఉన్న ట్యాంకులో స్టైరీన్ తనంతట తను పాలిమర్‌గా మారడం మొదలెట్టింది. ఆ రియాక్షన్ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి రియాక్షన్‌ని ఇంకా తొందర చేస్తుంది. 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చూపిన లోపాల్లో ఒకటి వినండి. ట్యాంకు ఉష్ణోగ్రతని కొలిచింది అడుగు భాగంలోనే. పైభాగంలో కొలిచే ఏర్పాటు లేదు. వేడెక్కింది పైన.

దానికి కారణాలు ఇంకా ఉన్నాయి, ఒక్క థర్మామీటర్ మీద మొత్తం నేరం వేయడం సరికాదు. కానీ ఈ ఒక్కటి నన్ను వదలట్లేదు. రీడింగ్ వస్తూనే ఉంది, మామూలుగానే ఉంది. రియాక్షన్ మాత్రం ఇంకోచోట నడుస్తోంది. రియల్ టైమ్ అంటే స్క్రీన్ మీద అంకెలు కదలడం ఒక్కటే కాదు, సరైన చోట చూడటం కూడా.

ఖరీదైన ప్రోబు ప్రతి కాలేజీకీ రాదు, నాకు తెలుసు. కానీ సుబ్బారావు గారి దగ్గర ఉన్నదేంటి? రెండు గాజు గిన్నెలు, కన్ను. ఆయన పరికరం కంటే మీ జేబులో ఫోన్ కెమెరా గొప్పది. రంగు మారే రియాక్షన్ అయితే వీడియో తీయండి, పక్కన గడియారం పెట్టండి. గ్యాస్ వచ్చేదైతే తక్కెడ మీద పెట్టి బరువు తగ్గడం రాయండి. వేడి పుట్టేదైతే నిమిషానికోసారి థర్మామీటర్ చూడండి. ఎమ్మెస్సీ ల్యాబుల్లో పోలారిమీటర్ ఉంటుంది, దుమ్ము దులిపి విల్హెల్మీ ప్రయోగం మళ్లీ చేయండి. రికార్డులో చివరి రీడింగ్ పక్కన మధ్యలో ఏం జరిగిందో, ఏ నిమిషానికి జరిగిందో కూడా రాయండి. మాస్టార్లకి కూడా నాదో విన్నపం. పిల్లాడు "సార్, మొదటి చుక్క రంగు పోవట్లేదు" అంటే "వేడి చెయ్" అని ఊరుకోకండి, ఎందుకు పోవట్లేదో ఒక్క ముక్క చెప్పండి.

మొన్న సంక్రాంతికి నేను అవ్వ పక్కన కూర్చుని, ఫోన్‌లో పాకం వీడియో తీశాను. బుడగలు మారే క్షణం నాకు కనిపించింది. పళ్లెంలో చుక్క ఉండ కట్టడానికి కొంచెం ముందే. "అవ్వా, ఇప్పుడేనా?" అన్నాను. "నువ్వే దించు, చూశావుగా" అంది. దించాను. అరిసెలు మెత్తగా వచ్చాయి.

ఇదండీ ఇవాళ్టి ఎపిసోడ్. మీ ల్యాబ్‌లో మీరు చూసి కూడా రాయకుండా వదిలేసిన వింత ఏదైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి. నేను పర్మాంగనేట్ కథ చెప్పేశాను, ఇక మీ వంతు. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. ఉంటానండీ.